అనుభవం చెప్పించుకోవడం వేరు, పాఠం కలిసి రాయడం వేరు

మీ పోస్టులో ముఖ్యంగా రెండు ప్రశ్నలున్నాయి. మీ కాలేజీలో మెంటల్ హెల్త్ నర్సింగ్ పేపర్ సిలబస్‌ను తిరగరాస్తున్నారు, మానసిక వైద్య సేవలు వాడుకున్నవాళ్ళను అందులో భాగం చేయమని పైనుంచి సూచన వచ్చింది. ఏడాదికోసారి కోలుకున్న ఒకరిని పిలిచి అనుభవం చెప్పిస్తే చాలా అన్నది మొదటిది. మీ దగ్గర ఎమ్మెస్సీ చేస్తున్న విద్యార్థిని తన థీసిస్‌లో అలాంటివాళ్ళను సహ పరిశోధకులుగా పెట్టుకోవచ్చా, ఎథిక్స్ కమిటీ ఏమంటుంది అన్నది రెండోది. నేను సైకియాట్రీ వార్డులో పనిచేసి తర్వాత టీచింగ్‌లోకి వచ్చాను. సేవలు వాడుకున్న వ్యక్తులతో కలిసి చాలాకాలంగా పాఠాలు చెప్తున్నాను. అందుకని జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి.

మొదటిదానికి సూటిగా చెప్పేస్తాను: చాలదు. ఒక గంట క్లాసులో ఒకరు తమ జీవితంలోని అతి కష్టమైన రోజుల గురించి చెప్తారు, కొందరు పిల్లలు కళ్ళు తుడుచుకుంటారు, మనం థాంక్స్ చెప్పి పంపించేస్తాం. మర్నాటినుంచి సిలబస్ యథాప్రకారం నడుస్తుంది. పరీక్షలో ఆ గంట గురించి ఒక్క ప్రశ్నా రాదు కాబట్టి అది అసలు పాఠం కాదని విద్యార్థులకు ఎవరూ చెప్పకుండానే అర్థమైపోతుంది. వాళ్ళకు మిగిలేది జాలి. జాలితో వార్డుకు వెళ్ళిన నర్సు మెత్తగా మాట్లాడుతుందేమో గానీ, ఎదుటి మనిషి చెప్పేదాన్ని సమాచారంగా తీసుకోదు. మన రంగంలో అసలు చిక్కు అదే. మానసిక జబ్బు ఉన్న మనిషి కడుపులో నొప్పి అన్నా, ఈ మందు పడట్లేదు అన్నా, అదీ జబ్బులో భాగమేనని కొట్టిపారేయడం ఎంత మామూలో వార్డులో పనిచేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు.

భాగస్వామ్యం పేరుతో జరిగే రకరకాల పనులను వేరుచేసి చూడటానికి షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో గీసిన నిచ్చెన ఇప్పటికీ పనికొస్తుంది. ఆమె రాసింది పట్టణాభివృద్ధి పథకాల్లో పౌరుల పాత్ర గురించే అయినా, మనకూ అతికినట్టు సరిపోతుంది. మొత్తం ఎనిమిది మెట్లు. అన్నిటికన్నా అడుగున ఉన్నది జనాన్ని మభ్యపెట్టడం. దానిపైన ఉన్నదేమిటో తెలుసా? థెరపీ. అంటే కమిటీలో కూర్చోబెట్టింది వాళ్ళ మాట వినడానికి కాదు, వాళ్ళనే బాగుచేయడానికి. ఈ రెండూ అసలు పాల్గొనడమే కాదంటారామె. తర్వాతి మూడు మెట్లు సమాచారం ఇవ్వడం, సంప్రదించడం, బుజ్జగించడం, ఇవి నామమాత్రపువి. నిజమైన భాగస్వామ్యం ఆరో మెట్టు మీద మొదలవుతుంది, అక్కడ నిర్ణయాధికారం పంచుకోవాలి. మీరనుకుంటున్న ఏడాదికో గెస్ట్ లెక్చర్ సంప్రదింపు దాకా కూడా రాదు, ఎందుకంటే అందులో మనం వాళ్ళను ఏమీ అడగలేదు.

నేను మాత్రం ఇంతలేసి మెట్లు లెక్కపెట్టను. వాళ్ళు ఏ దశలో వచ్చారు, వాళ్ళు రావడం వల్ల ఏం మారింది అని చూస్తాను. సిలబస్ ఖరారై టైమ్‌టేబుల్ వేశాక పిలిస్తే, ఎంత మర్యాదగా పిలిచినా అది అలంకారమే.

ఇది కొత్త ప్రయోగమేమీ కాదని మీ మేనేజ్‌మెంట్‌కు చెప్పండి. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన సైకియాట్రిక్ నర్సింగ్ కేంద్రంలో క్యాథ్ రోపర్ 2000లోనే కన్స్యూమర్ అకడమిక్‌గా చేరారు. అంటే, మానసిక వైద్య సేవలు వాడుకున్న అనుభవమే అర్హతగా ఉన్న అధ్యాపక ఉద్యోగం. పీజీ నర్సులకు ఆమె చెప్పిన పాఠాలను విద్యార్థులు ఎలా అంచనా వేశారో నర్సింగ్ పరిశోధకురాలు బ్రెండా హాపెల్‌తో కలిసి 2003లో ప్రచురించారు కూడా. తర్వాత హాపెల్ బృందమూ యూరప్ విశ్వవిద్యాలయాలూ కలిసి కమ్యూన్ అనే ప్రాజెక్టు చేశాయి. ఆస్ట్రేలియా, ఫిన్లాండ్, ఐస్‌లాండ్, ఐర్లండ్, నెదర్లాండ్స్, నార్వే, ఈ ఆరు దేశాల్లో నర్సింగ్ అధ్యాపకులు, సేవలు వాడుకున్నవాళ్ళు కలిసి కూర్చుని పాఠ్యాంశం తయారుచేసి, కలిసే బోధించారు. వికలాంగుల హక్కులపై 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోని నాలుగో అధికరణం కూడా, తమకు సంబంధించిన నిర్ణయాల్లో వాళ్ళను దగ్గరగా సంప్రదించాలనే చెప్తుంది. మానసిక వైకల్యాలు ఆ ఒప్పందం పరిధిలోవే.

ఇక్కడ మీ సహోద్యోగులు ఒక మాట తప్పకుండా అంటారు. 'మన పిల్లలు పోస్టింగ్‌లో వారాల తరబడి పేషెంట్లతోనే ఉంటారు కదా, మళ్ళీ క్లాసుకు పిలవడం దేనికి?' నిజమే, కలుస్తారు. కానీ ఎలాంటి స్థితిలో కలుస్తారు? ఒకరు యూనిఫాంలో, చేతిలో ఫైలుతో. ఇంకొకరు తలుపు తాళం వేసిన వార్డులో, జీవితంలో అత్యంత ఘోరమైన వారంలో. సామాజిక మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పారు, కలవడం వల్ల దురభిప్రాయాలు తగ్గాలంటే ఇద్దరి స్థాయీ సమానంగా ఉండాలి, ఒకే లక్ష్యం కోసం కలిసి పనిచేయాలి, సంస్థ మద్దతు ఉండాలి అని. క్లినికల్ పోస్టింగ్‌లో ఇవి ఉండవు. మార్కులు వేసే అధ్యాపకురాలిగా అదే అనుభవం ఉన్న మనిషి ఎదురుగా నిలబడినప్పుడు మాత్రం ఉంటాయి.

గొంతులు వినిపించడం ఎలా ఉంటుందో హెడ్‌ఫోన్లతో అనుభవంలోకి తెచ్చే శిక్షణ గురించి కూడా అడిగారు. దాన్ని తయారుచేసిన పట్రీషియా డీగన్ స్వయంగా స్కిజోఫ్రీనియా నిర్ధారణ అయిన వ్యక్తి, తర్వాత సైకాలజిస్టు అయ్యారు. చెవుల్లో గొంతులు వినబడుతుంటే విద్యార్థి ఫారాలు నింపాలి, ప్రశ్నలకు జవాబివ్వాలి. బలమైన అనుభవమే. అయితే ఇలాంటి సిమ్యులేషన్ల మీద జరిగిన కొన్ని అధ్యయనాల్లో సానుభూతి పెరిగినా, అలాంటి మనుషులకు దూరంగా ఉండాలన్న కోరిక కూడా పెరిగింది. భయపెట్టి వదిలేస్తే అంతే మరి. వెంటనే, ఆ గొంతులతోనే ఉద్యోగం చేసుకుంటూ బతుకుతున్న మనిషితో చర్చ ఉంటేనే నేను దాన్ని వాడతాను. లేదంటే వద్దే వద్దు.

కలిసి రాసిన పాఠం ఎలా ఉంటుందో ఒకటి చెప్తాను. మొదటి ప్లానింగ్ మీటింగ్‌లో మా సహ అధ్యాపకురాలు సిలబస్ కాగితం పక్కన పెట్టి, 'నా గురించి ఏం రాశారో నాకెప్పుడూ చూపించలేదు. ముందు రాయడం నేర్పండి' అన్నారు. అలా నర్సింగ్ నోట్స్ మీద ఒక సెషన్ పుట్టింది. విద్యార్థులకు ఒక సందర్భం ఇస్తాం. రాత్రి పదకొండు దాటింది, ఒక పేషెంట్ కారిడార్‌లో ఆగకుండా అటూఇటూ నడుస్తోంది, మాత్ర వద్దంది, గొంతు పెంచింది, ఇద్దరు స్టాఫ్ గదిలోకి తీసుకెళ్ళారు. నైట్ రిపోర్ట్ రాయండి అంటాం. దాదాపు అందరూ ఒకేలా రాస్తారు: పేషెంట్ అగ్రెసివ్‌గా ఉన్నారు, మందులు నిరాకరించారు, ఇన్‌సైట్ (తనకు జబ్బుందన్న ఎరుక) లేదు, ఆర్డర్ ప్రకారం ఇంజెక్షన్ ఇవ్వబడింది, తర్వాత ప్రశాంతంగా నిద్రపోయారు.

ఆమె ఆ నోట్స్‌ను గట్టిగా, వాక్యం వాక్యం ఆపుతూ చదువుతారు. అగ్రెసివ్ అంటే ఏం చేసింది? గొంతు పెంచింది. అయితే గొంతు పెంచింది అనే రాయండి. మందు వద్దంది, ఎందుకో అడిగారా? అడిగితే జవాబు ఎక్కడ రాశారు? ఇంజెక్షన్ ఇవ్వబడింది అన్నారు, ఎవరిచ్చారు, ఎంతమంది పట్టుకున్నారు? అప్పుడు తన మాట చెప్తారు: 'ఆ మాత్ర వేసుకుంటే నా కాళ్ళు ఒకచోట నిలవవు. ఒళ్ళంతా లోపలినుంచి తోసేస్తున్నట్టు ఉంటుంది. అందుకే నడిచాను, అందుకే వద్దన్నాను. మీరు రెండూ జబ్బే అనుకున్నారు. ప్రశాంతంగా నిద్రపోలేదు, కదల్లేకపోయాను. మీరు మాట్లాడుకున్నవన్నీ వినబడ్డాయి.' క్లాసు నిశ్శబ్దమైపోతుంది. ఆ పిల్లలంతా ఫార్మకాలజీలో అకతీసియా, అంటే మందు వల్ల ఒకచోట నిలవలేకపోవడం గురించి చదివినవాళ్ళే, నిర్వచనం రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళే. కారిడార్‌లో నడుస్తున్న మనిషిలో మాత్రం దాన్ని గుర్తుపట్టలేదు. తర్వాత అదే నోట్స్‌ను, ఆ పేషెంట్ రేపు చదువుతుంది అనుకుని మళ్ళీ రాయిస్తాం. దానికి మార్కులుంటాయి, ఆ మార్కులు ఇద్దరం కలిసి వేస్తాం.

గమనించండి, ఇందులో ఆమె తన జీవితకథ చెప్పలేదు. ఏ ఆసుపత్రి, ఎన్నిసార్లు అడ్మిట్ అయ్యారు, డయాగ్నోసిస్ ఏమిటి అన్నవి రానే రాలేదు. ఒక నైపుణ్యం నేర్పారు. కన్స్యూమర్ అధ్యాపకుల పాఠాలు విన్న నర్సింగ్ విద్యార్థుల్లో మానసిక జబ్బు ఉన్నవాళ్ళ పట్ల ధోరణి మెరుగైందని హాపెల్ బృందం అధ్యయనాలు చూపించాయి. కాకపోతే ఈ రంగంలోని అధ్యయనాల్లో ఎక్కువ భాగం కోర్సుకు ముందు ఒకసారి, అవగానే ఇంకోసారి ప్రశ్నాపత్రం ఇచ్చి కొలిచినవి. కోర్సు అయిన కొన్నేళ్ళకు నైట్ డ్యూటీలో ఆ నర్సు ఏం చేస్తోంది అన్నది కొలవడం కష్టం. మేనేజ్‌మెంట్ ముందు అంతకుమించి గొప్పలు చెప్పొద్దు, తర్వాత మీకే ఇబ్బంది.

ఎవరిని తీసుకోవాలి? మీ అనుబంధ ఆసుపత్రిలో ఇప్పుడు చికిత్స పొందుతున్నవాళ్ళను అడగకండి. రేపు మళ్ళీ మీ దగ్గరికే మందులకు రావాల్సిన మనిషి మీకు కాదని చెప్పలేరు. కోలుకున్నవాళ్ళ సంఘాలు, ఒకే అనుభవం ఉన్నవాళ్ళు ఒకరికొకరు తోడుండే పీర్ సపోర్ట్ గ్రూపుల ద్వారా వెళ్ళండి. ఒక్కరినే కాదు, కనీసం ఇద్దరిని తీసుకోండి. గదినిండా ప్రొఫెషనల్స్ ఉండి తానొక్కరే వేరుగా కూర్చోవడం ఎవరికైనా భారమే. ఇక అందరం చేసే పని ఒకటుంది. డాక్టర్లను, నర్సులను మెచ్చుకునే మంచి పేషెంట్లనే ఏరుకుంటాం. కోపంగా వెళ్ళిపోయినవాళ్ళ దగ్గరే మనకు తెలియనిది ఎక్కువ ఉంటుంది, వాళ్ళనూ పిలవండి.

'ఒకరిద్దరు అందరికీ ప్రతినిధులు ఎలా అవుతారు?' అని కమిటీలో ఎవరో ఒకరు అడుగుతారు. కారు, కానక్కర్లేదు. అదే కమిటీలో కూర్చున్న సర్జరీ ప్రొఫెసర్‌ను మీరు అందరు సర్జన్లకూ ప్రతినిధా అని ఎవరూ అడగరు కదా.

డబ్బు సంగతి ముందే తేల్చుకోండి. ఇతర గెస్ట్ ఫ్యాకల్టీకి ఎంత ఇస్తారో అంతే ఇవ్వాలి. ప్లానింగ్ మీటింగులకూ, పేపర్లు దిద్దడానికీ కూడా. సేవాభావంతో వస్తారులే అనుకోవడం అన్యాయం, పైగా ఆ మాట అనేవాళ్ళంతా జీతం తీసుకుంటూనే అంటారు.

మధ్యలో మళ్ళీ అనారోగ్యం వస్తే ఎలా అన్న టెన్షన్ మీ పోస్టులో కనబడింది. ఏ లెక్చరర్‌కైనా ఒంట్లో బాగోకపోతే ఏం చేస్తారో అదే చేయండి, ఇంకొకరు క్లాసు తీసుకుంటారు. కొత్తగా చేయాల్సింది ఒక్కటే. బాగున్నప్పుడే కూర్చుని, బాగోలేదనిపిస్తే మీకెలా చెప్తారు, మీరు ఏం చేస్తే సాయం, ఏం చేస్తే చిరాకు అని వాళ్ళనే అడిగి రాసుకోండి. ఏ ప్రశ్నకు జవాబివ్వరో క్లాసుకు ముందే నిర్ణయించుకునే హక్కు వాళ్ళది. ఆ సంగతి విద్యార్థులకు మీరే చెప్పాలి. ఇంకో విషయం, మీ క్లాసులోనే ఇలాంటి అనుభవాలున్న విద్యార్థులు ఉంటారు. వాళ్ళు మధ్యలో లేచి బయటకు వెళ్ళినా హాజరు తీసేయకండి, తర్వాత మాట్లాడటానికి ఒక మనిషిని పెట్టండి.

కుటుంబ సభ్యులను పిలిస్తే సరిపోదా అంటే, అది వేరే పాఠం. చూసుకునేవాళ్ళ కష్టం నిజం, అదీ సిలబస్‌లో ఉండాల్సిందే. కానీ బలవంతపు అడ్మిషన్ గురించి తల్లి చెప్పేదీ, లోపల ఉన్న కూతురు చెప్పేదీ ఒకటి కావు. ఒకరి కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టొద్దు.

ఇప్పుడు థీసిస్ సంగతి. సేవలు వాడుకున్నవాళ్ళు పరిశోధకులైతే ఏం మారుతుందో మీ విద్యార్థినికి చూపించడానికి ఒక్క పేపర్ చాలు. లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీలో డయానా రోజ్ బృందం ఈసీటీ (మెదడుకు కరెంటు పెట్టి చేసే చికిత్స) తీసుకున్నవాళ్ళ అభిప్రాయాలపై చేసిన సమీక్ష, 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఈసీటీ స్వయంగా తీసుకున్నవాళ్ళు ఆ బృందంలో ఉన్నారు. క్లినికల్ పరిశోధకులు చేసిన 26 అధ్యయనాలను, రోగులు రాసిన లేదా వారి సహకారంతో వచ్చిన 9 నివేదికలను పక్కపక్కన పెట్టి చూశారు. డాక్టర్లు అడిగిన అధ్యయనాల్లో ఈసీటీతో మేలు జరిగిందన్నవాళ్ళు ఎక్కువ, రెండో రకంలో తక్కువ. చికిత్స అయిన వెంటనే, ఆసుపత్రిలోనే, చికిత్స చేసిన డాక్టరే, నాలుగు ప్రశ్నలు అడిగితే జనం బాగానే ఉందంటారు. కాలం గడిచాక, వేరేచోట, వివరంగా అడిగితే జవాబు మారుతుంది. కనీసం మూడోవంతు మంది జ్ఞాపకశక్తి నష్టం పోకుండా మిగిలిపోయిందని చెప్పారు. ఎనభై శాతం పైగా సంతృప్తిగా ఉన్నారంటూ రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ అప్పట్లో రోగులకు ఇస్తున్న సమాచారానికి ఆధారం లేదని ఆ సమీక్ష తేల్చింది. ఇది ఈసీటీ మంచిదా చెడ్డదా అన్న వాదన కాదు, చాలామందికి అది పనిచేస్తుంది. ఎవరు అడిగారు, ఎప్పుడు, ఎక్కడ అడిగారు అన్నవి కూడా డేటాలో భాగమే అన్నది ఇందులో మీ విద్యార్థినికి పనికొచ్చే విషయం.

ప్రశ్నాపత్రం విషయంలోనూ ఇంతే. మనం రాస్తే 'నర్సుల సేవలతో మీరు ఎంత సంతృప్తిగా ఉన్నారు, ఒకటి నుంచి ఐదు' అని రాస్తాం. సేవలు వాడుకున్నవాళ్ళతో కూర్చుంటే వేరే ప్రశ్నలొస్తాయి. రాత్రి భయమేస్తే ఎవరినైనా పిలవగలిగారా? గదిలోకి వచ్చేముందు తలుపు కొట్టారా? మందు పేరు చెప్పి ఇచ్చారా? ఇవి కొలవగలిగినవి, మార్చగలిగినవి. రోజ్ సహచరులు వార్డు సంరక్షణపై వాయిస్ అనే కొలమానాన్ని ఇలాగే తయారుచేశారు. సేవలు వాడుకున్న పరిశోధకులే ఫోకస్ గ్రూపులు నడిపి, అక్కడ వచ్చిన అంశాలనుంచే ప్రశ్నలు రాశారు.

ఎథిక్స్ దగ్గర చాలామంది తడబడేది ఒక్కచోటే. సహ పరిశోధకులు అధ్యయనంలో పాల్గొనే సబ్జెక్టులు కారు. ప్రశ్నలు తయారుచేయడంలో సలహా ఇచ్చేవాళ్ళ దగ్గర పార్టిసిపెంట్ కన్సెంట్ ఫారం తీసుకోవడం అర్థం లేని పని. వాళ్ళే ఇంటర్వ్యూలు చేస్తుంటే మాత్రం ప్రోటోకాల్‌లో పరిశోధక బృంద సభ్యులుగా చూపించండి. వాళ్ళకిచ్చే శిక్షణ, గోప్యత ఒప్పందం, ఇంటర్వ్యూ తర్వాత డీబ్రీఫింగ్ (వాళ్ళతో కూర్చుని ఎలా ఉందో మాట్లాడటం) ఎవరు చేస్తారు, ఇంటర్వ్యూలో ఎవరైనా చనిపోవాలనుందని చెప్తే వెంటనే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవన్నీ రాయండి. కమిటీ 'వీళ్ళు బలహీనులు కదా' అని అడిగినప్పుడు ఈ కాగితమే జవాబు చెప్తుంది. మీ స్థానిక కమిటీ నిబంధనలు ముందే చదువుకోండి, సెక్రటరీతో ఒకసారి మాట్లాడండి.

అయితే ఎమ్మెస్సీ థీసిస్‌లో అన్నీ చేయలేం, సమయం చాలదు. నేనైతే ముగ్గురు నలుగురితో చిన్న సలహా బృందం పెట్టమంటాను. మొదటి మీటింగ్ సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక) రాయకముందే జరగాలి, టాపిక్ మారే అవకాశం అప్పుడే ఉంటుంది. రెండోది ప్రశ్నాపత్రం దగ్గర. మూడోది విశ్లేషణ దగ్గర: పేర్లు తీసేసిన కొన్ని ఇంటర్వ్యూ భాగాలు వాళ్ళకిచ్చి, వాళ్ళకు ఏం కనబడుతోందో అడగాలి. ఈ చివరి మీటింగ్‌ను చాలామంది ఎగ్గొడతారు. విద్యార్థి ఒక మాటకు 'సహకరించకపోవడం' అని కోడ్ (దాని సారం చెప్పే పేరు) పెట్టినచోట వాళ్ళు 'భయం' అని పెడతారు, థీసిస్‌లో చర్చించదగ్గది అక్కడే దొరుకుతుంది. ఎవరి కోడ్ నిలవాలన్న తేడా వస్తే రెండూ రాసి, తేడా ఎందుకొచ్చిందో కూడా రాయమనండి.

థీసిస్ ఆమె పేరుమీదే ఉంటుంది, డిగ్రీ నిబంధనలు అలాంటివి. దానిలోంచి జర్నల్ పేపర్ వస్తే మాత్రం మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ ప్రమాణాలు చూడండి. పనిలో గణనీయమైన పాత్ర, రాతలో లేదా సవరణలో భాగం, తుది ప్రతికి ఆమోదం, పనికి జవాబుదారీతనం, ఈ నాలుగూ ఉన్నవాళ్ళు రచయితలే. సవరించే అవకాశమే ఇవ్వకుండా 'వాళ్ళు రాతలో లేరు కదా' అని కృతజ్ఞతల్లోకి నెట్టేయకూడదు. భాగస్వామ్యం ఎలా జరిగిందో రాయడానికి గ్రిప్2 అనే చెక్‌లిస్టు ఉంది, 2017లో వచ్చింది. దాని చిన్న రూపంలో ఐదు అంశాలే, ఎమ్మెస్సీకి అది చాలు. అందులో చివరిది ఏది బాగా జరిగింది, ఏది జరగలేదు అని నిజాయితీగా రాయడం. సలహా బృందాన్ని విశ్లేషణకు పిలవలేకపోతే అదే రాయమనండి. సంప్రదించి వదిలేసిన పనికి కో-ప్రొడక్షన్ (కలిసి తయారుచేయడం) అని పేరు పెడితే వైవాలో మొదటి ప్రశ్నకే దొరికిపోతుంది.

మీ సిలబస్ కమిటీ మొదటి మీటింగ్ ఇంకా జరగలేదన్నారు కాబట్టి సమయం మించిపోలేదు. అజెండా పంపేముందే ఇద్దరిని వెతికి సభ్యులుగా వేయండి, ఓటుతో సహా. ఓటు ఇవ్వడం కుదరదని పైవాళ్ళంటే ఆ మాట మినిట్స్‌లో రాయించండి. నర్సింగ్ నోట్స్ సెషన్ ప్లాన్ కావాలంటే అడగండి, మా సహ అధ్యాపకురాలిని కనుక్కుని పంపిస్తాను. అది ఆమెది కూడా, ఆమె సరేనంటేనే ఇవ్వగలను.